పొడి లేవకపోతే పంపు మార్చకండి



పేట్ బషీరాబాద్ చుట్టుపక్కల ఏ కాలనీలో తలుపు తట్టినా రెండు పనుల్లో ఏదో ఒకటి తెలిసినవాళ్లు దొరుకుతారు. జీడిమెట్ల, బాలానగర్ షెడ్లలో గ్రిల్లులకూ ప్యానెల్ బోర్డులకూ పౌడర్ కోటింగ్ వేసేవాళ్లు ఒకరు. మందుల కంపెనీల్లో ఎఫ్.బి.డి. నడిపేవాళ్లు ఇంకొకరు. ఎఫ్.బి.డి. అంటే ఫ్లూయిడ్ బెడ్ డ్రయ్యర్. తడిగా ఉన్న మందు రవ్వను వేడిగాలిలో తేల్చి ఆరబెట్టే యంత్రం. ఈ రెండు పనులూ ఒక చిన్న కప్పులో కలిస్తే అది గాలాలకు రంగు వేసుకునే ఫ్లూయిడ్ బెడ్ అవుతుంది. గాలం సరదా ఉన్నవాళ్లు దాన్ని ఇంట్లోనే చేసుకుంటారు. చేసుకోవడం తేలికే. చేశాక అది సరిగ్గా పనిచేయకపోతే ఏం చూడాలి, ఏది ముందు చూడాలి అన్నదే ఇవాళ్టి నా ప్రసంగం.

ముందుగా జిగ్ గురించి, తెలియనివాళ్ల కోసం. గాలపు ముల్లుకు మెడ దగ్గర సీసం పోసి తల కట్టినదే జిగ్. దాని వెనక ఈకలో, రబ్బరు తోకో తగిలిస్తారు. నీటి అడుగుకు దింపి కర్రతో చిన్న చిన్న కుదుపులు ఇస్తే అది లేచి పడుతూ ప్రాణం ఉన్న చేపపిల్లలా కనిపిస్తుంది. మన చెరువుల్లో కొర్రమీను, వాలుగ లాంటి వేటచేపలు దాని వెంట పడతాయి. గోదావరి పాయల్లో, సముద్రపు మొగల దగ్గర పండుగప్ప పడుతుంది. సీసం మనవాళ్లకు కొత్త కాదు. విసురు వల అంచున వరసగా ఉండే గుండ్లు సీసపువే. కాకపోతే వలగుండుకు రంగు అక్కర్లేదు. జిగ్ తలకు కావాలి. ఉత్త సీసం కొన్నాళ్లకే మసకబారిపోతుంది. మామూలు ఎనామిల్ రంగు వేస్తే రాయికి నాలుగుసార్లు తగలగానే పెచ్చులూడుతుంది. పొడి రంగు వేడికి కరిగి, ఓవెన్‌లో ఉడికి, తలకు తొడుగులా పట్టేస్తుంది.

ఇంట్లో చేసుకునే బెడ్‌కు సామాను పెద్దగా అక్కర్లేదు. రెండంగుళాల పి.వి.సి. పైపు ముక్క ఒకటి. దాని అడుగున గాలిని పంచే కాగితం. ఆ కాగితం కింద ఖాళీ గది. ఆ గదిలోకి చేపల తొట్టి పంపు నుంచి సన్నని గొట్టం. కాగితం మీద కప్పులో సగానికి మించకుండా పొడి. పంపు వేయగానే గాలి కాగితంలోంచి వడకట్టుకుని పైకి వస్తుంది, పొడిలోని రేణువుల్ని ఒకదాన్నుంచి ఇంకొకదాన్ని విడదీసి మోస్తుంది. అప్పుడు పొడి మట్టం మూడో వంతు మేర పెరిగి, పైభాగం సన్న సెగ మీద మరిగే ఎసరులా అంతటా ఒకేలా కదులుతుంది. కాల్చిన జిగ్ తలను అందులో ఒకటి రెండు క్షణాలు ముంచి తీస్తే పొడి కరిగి అంటుకుంటుంది. ఇది 1950లలో జర్మనీలో ఎర్విన్ గెమ్మర్ కనిపెట్టిన పద్ధతి. ఇప్పుడు షెడ్లలో కనిపించే తుపాకీ, విద్యుత్తు ఆవేశంతో పొడి చిమ్మే పద్ధతి, దాని తర్వాత వచ్చింది. అంటే పౌడర్ కోటింగ్ అనే వృత్తికి మొదలు ఈ కప్పే.

బెడ్ బాగుందో లేదో తేల్చడానికి యంత్రాలేమీ అక్కర్లేదు. పెన్సిల్ తీసుకుని పొడిలో నిలువుగా దింపండి. చేతికి అడ్డు తగలకూడదు. అడుగు దాకా దిగాలి. పక్కకు జరిపితే వెనక గాడి మిగలకూడదు, పొడి వెంటనే కమ్ముకోవాలి. వేడి చేయని జిగ్‌ను దారానికి కట్టి వదిలితే తన బరువుకు తానే మునగాలి. ఈ పరీక్షలో తప్పిన బెడ్‌లో వేడి గాలాన్ని ముంచడం దండగ. రంగు ఒక పక్క మందంగా, ఒక పక్క బోసిగా వస్తుంది. అది చూసి పొడి మంచిది కాదనో, సీసం కుదరలేదనో అనుకుంటారు.

పొడి లేవకపోతే నూటికి తొంభై మంది చేసే మొదటి పని పంపు మార్చడం. చిన్న పంపు తీసేసి పెద్దది పెడతారు. అదీ చాలకపోతే పంక్చర్ షాపులో ఉండే లాంటి కంప్రెసర్ తగిలిస్తారు. ఇది తప్పు వైద్యం అని గట్టిగా చెబుతున్నాను. ఎందుకో కొంచెం లెక్క వేసి చూద్దాం.

కప్పులో పొడి ఎత్తు 5 సెంటీమీటర్లు అనుకోండి. వదులుగా పోసిన పెయింటు పొడి, అంతే కొలత నీటితో పోలిస్తే సగానికి కొంచెం పైన తూగుతుంది. ఆ పొడి మొత్తాన్ని ఎత్తి పట్టుకోవడానికి కావలసిన ఒత్తిడి సుమారు 3 సెంటీమీటర్ల నీటి ఎత్తుకు సమానం. ఇప్పుడు చేపల తొట్టిని తలుచుకోండి. అన్నిటికంటే చౌక పంపు కూడా అడుగు లోతు నీటిలోంచి బుడగలు వదులుతుంది. అడుగంటే 30 సెంటీమీటర్లు. అంటే ఆ పంపుకు కావలసినదానికి పదింతల బలం ముందే ఉంది. లోటు బలంలో లేదు, పంపకంలో ఉంది.

గాలి ఎప్పుడూ తేలిక దారి వెతుక్కుంటుంది. పొడిలో ఒకచోట కాస్త పల్చన ఉందనుకోండి. గాలి అక్కడ కొంచెం ఎక్కువ వెళుతుంది. వెళ్లేసరికి అక్కడి పొడి ఎగిరి ఇంకా పల్చనవుతుంది. అప్పుడు ఇంకా ఎక్కువ గాలి అటే పరుగెడుతుంది. చివరికి ఆ ఒక్క రంధ్రంలోంచే గాలంతా బుసబుసా పోతుంటే, చుట్టూ ఉన్న పొడి కదలకుండా కూర్చుంటుంది. దీన్ని ఆపేది అడుగునున్న కాగితం. ఆ కాగితం గాలికి తగినంత అడ్డు చెబితే, పైన పొడి పల్చనైనా ఆ చోటికి గాలి అమాంతం పెరగలేదు. ఫ్లూయిడ్ బెడ్‌లు కట్టే ఇంజనీర్లు ఒక కొండగుర్తు పాటిస్తారు. పొడి పెట్టే అడ్డులో దాదాపు మూడో వంతు అడ్డు, గాలిని పంచే పొరే పెట్టాలి. మరీ వదులైన గుడ్డ వేస్తే ఆ అడ్డు ఉండదు. అలాంటి గుడ్డ మీద ఎంత పెద్ద పంపు పెట్టినా రంధ్రం పెద్దదవుతుందే తప్ప పొడి లేవదు.

మా వైపు ఒక మేడ మీద ఈ తగవు తీరడం చూశాను. కాలేజీ కుర్రాడు. పలచటి నూలుగుడ్డ కట్టిన కప్పు, కొత్తగా కొన్న పెద్ద పంపు. కప్పు మధ్యలో ఒక గుంట, ఆ గుంటలోంచి పచ్చరంగు పొడి చిమ్ముతోంది, చుట్టూ గోడకు ఆనుకుని ఉన్న పొడి గట్టిగా కదలకుండా ఉంది. కింది వాటాలో ఉండే ఆయన మందుల కంపెనీలో ఎఫ్.బి.డి. ఆపరేటర్. షిఫ్టు దిగి వచ్చి, బట్టలు కూడా మార్చుకోకుండా పైకి వచ్చాడు. కప్పులోకి ఒకసారి చూశాడు. “పంపు మంచిగనే ఉంది తమ్మీ. కింద జాలీ సంగతి చూడు” అన్నాడు. “ఇంకో పెద్ద పంపు తెస్తే లేవదా అన్నా?” అని అడిగాడు కుర్రాడు. “పెద్దది తెస్తే పొడి మొత్తం నీ మొహం మీదకే వస్తది. గుడ్డ తీసెయ్, కాగితం రెండు పొరలు వెయ్” అన్నాడాయన. గుడ్డ విప్పి, కాఫీ వడపోసే కాగితం రెండు మడతలు వేసి, చుట్టూ రబ్బరు బ్యాండు బిగించి, పాత చిన్న పంపే మళ్లీ తగిలించారు. పొడి మొదట ఒక పక్కన పగిలినట్టు బీట వేసింది. ఆయన కప్పు గోడను వేలి గోటితో రెండుసార్లు మీటగానే బీట మూసుకుపోయి, మట్టం మెల్లగా లేచి, అంచు నుంచి అంచు దాకా సన్నగా వణకడం మొదలైంది.

ఆయన చూసినట్టు చూస్తే మన తప్పులు చాలావరకు కప్పు పైభాగమే చెప్పేస్తుంది.

సరిగ్గా నడిమధ్యలో గుంట పడి చిమ్ముతుంటే, గొట్టంలోంచి వచ్చే గాలి నేరుగా కాగితం నడుమ కొడుతోందన్నమాట. గాలి గది ఎత్తు చాలలేదు. ఆ గదిని రెండంగుళాలు చేయండి. లేదా అందులో పిల్లలాడుకునే గాజు గోళీలు నింపండి. గాలి వాటి సందుల్లో తిరిగి చెదిరి పైకి వస్తుంది. గొట్టాన్ని కింద నుంచి కాకుండా పక్క నుంచి పెట్టినా మేలే.

ఎప్పుడూ ఒకే పక్క చిమ్ముతుంటే ముందు కప్పు మట్టంగా ఉందో లేదో చూడండి. కప్పు ఒరిగితే ఎగువ పక్క పొడి తక్కువ, గాలి అటే పోతుంది. మట్టంగానే ఉంటే ఆ పక్క కాగితం చిరిగింది, లేదా అంచు దగ్గర లేచింది. పొడి తీసేసి, కాగితం మీద అర సెంటీమీటరు మందాన మాత్రమే పొడి పరిచి పంపు వేయండి. ఎక్కడ ముందు కదిలితే లోపం అక్కడ.

మొత్తం కప్పులో ఎక్కడా చలనం లేకపోతే గాలి దారిలోనే కారిపోతోంది. పైపుకూ మూతకూ మధ్య, గొట్టం దూర్చిన చోట సబ్బునీళ్లు రాయండి. బుడగ వచ్చినచోట ఎం-సీల్ గానీ, సిలికాన్ గానీ పెట్టండి. కారడం లేకపోయినా లేవకపోతే కాగితం మరీ దట్టమైనదై ఉంటుంది, లేదా వాడి వాడి దాని రంధ్రాలు పూడిపోయి ఉంటాయి. కాగితం మార్చడానికి బద్ధకించకండి. రంగు మార్చిన ప్రతిసారీ మార్చేవాళ్లే నా దృష్టిలో మంచి పనివాళ్లు.

పొడి మేఘంలా పైకి లేచి ముక్కుకు తగులుతుంటే గాలి ఎక్కువైంది. ఇక్కడ ఒక మెలకువ ఉంది. గొట్టాన్ని నులిమి గాలి తగ్గించకండి. చేపల తొట్టి పంపులో ఉండేది రబ్బరు పొర. దారి మూస్తే దాని మీద భారం పడి తొందరగా చినుగుతుంది. దానికి బదులు గొట్టం మధ్యలో ఒక టీ ముక్క, దాని మూడో కాలికి చిన్న ప్లాస్టిక్ వాల్వు పెట్టండి. రెండూ అక్వేరియం సామాను దుకాణంలోనే దొరుకుతాయి. ఎక్కువైన గాలిని ఆ వాల్వు లోంచి బయటికి వదిలేయాలి. పొడి కదలడం మొదలైన చోట ఆగి, అక్కణ్నుంచి వెంట్రుకవాసి పెంచండి. అంతకు మించి ఒక్క చుక్క గాలి కూడా మేలు చేయదు.

కప్పు పెద్దది చేయాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. రెండంగుళాల కప్పు కంటే నాలుగంగుళాల కప్పు రెండింతలు కాదు, నాలుగింతలు. గాలి కూడా నాలుగింతలు కావాలి. పంపు మార్చడానికి న్యాయమైన కారణం నాకు తెలిసినంతలో ఇదొక్కటే. చిన్న జిగ్‌లకు రెండంగుళాలు చాలు.

గాలి పంచే పొరకు ఏది వాడాలి అంటారా? కాఫీ వడపోసే కాగితం రెండు పొరలు మంచి మొదలు. కొన్ని కొరియర్ సంస్థలు వాడే, చేత్తో చింపితే చినగని తెల్ల కవర్లు ఉంటాయి కదా, టైవెక్ అంటారు, అది ఇంకా మేలు. తడిసినా పాడవదు, చాలాకాలం వస్తుంది. దళసరి కాన్వాసు గుడ్డ కూడా పనికొస్తుంది. ప్రయోగశాలల్లో వాడే వడపోత కాగితం దొరికితే అన్నిటికంటే సమంగా గాలి పంచుతుంది. తొట్టిలో బుడగల కోసం వేసే గాలిరాయిని మాత్రం నమ్ముకోకండి. అది తన చుట్టూ ఉన్న పొడిని చిమ్ముతుందే తప్ప కప్పు అంచులకు గాలి పంపదు.

ఇక పొడి సంగతి. మనకు జీడిమెట్ల పక్కనే ఉండటం ఒక వరం, ఒక చిక్కు. ఏ పౌడర్ కోటింగ్ షెడ్డులో అడిగినా పావుకిలో రంగు ఇస్తారు. అయితే అది తుపాకీతో చిమ్మడానికి చేసిన పొడి. దాని రేణువులు చాలా సన్నవి, మామూలుగా 30, 40 మైక్రాన్ల చుట్టూ ఉంటాయి. ఫ్లూయిడ్ బెడ్ కోసమే చేసే పొడి దానికంటే గరుకు, 100 మైక్రాన్లు దాటే రేణువులు కూడా ఉంటాయి. రేణువు ఎంత చిన్నదైతే బరువు అంత తక్కువ, ఒకదానికొకటి అతుక్కునే గుణం అంత ఎక్కువ. ఇంగ్లండులో గెల్డార్ట్ అనే శాస్త్రవేత్త 1973లో పొడులన్నిటినీ గాలిలో ప్రవర్తించే తీరును బట్టి నాలుగు జాతులుగా విడగొట్టాడు. అందులో మైదాలాంటి మరీ సన్నటి పొడులన్నీ ఒక జాతి. అవి గాలికి లేవవు, బీటలు వేస్తాయి, ఆ బీటల్లోంచి గాలి జారిపోతుంది. మనం షెడ్డు నుంచి తెచ్చిన పొడి ఆ జాతికి దగ్గరలో ఉంటుంది. అందుకే మీ కప్పులో బీటలు కనిపిస్తే కంగారు పడకండి, దానికి గాలి మందు కాదు, అదురు మందు. కప్పు గోడకు పాత సెల్‌ఫోన్‌లోని వైబ్రేటర్ మోటారు అతికించినా చాలు. పంపునే కప్పుకు ఆనించి పెట్టినా దాని వణుకు పనిచేస్తుంది.

షెడ్డులో పొడి చిమ్మే బూత్ అడుగున ఊడ్చిన పొడిని, రికవరీ పొడిని, చవకగా ఇస్తారు. తీసుకోకండి. గరుకు రేణువులు వస్తువుకు అంటుకుని పోగా మిగిలిన సన్నటి ధూళి అది. పైగా అందులో నాలుగు రంగులు కలిసి ఉంటాయి. గ్రిల్లు వెనకవైపుకు సరిపోతుందేమో గానీ, వేలెడంత తల మీద ప్రతి మచ్చా కనిపిస్తుంది.

మన ఊరి వాతావరణం ఈ పనికి రెండు రుతువుల్లో అడ్డం వస్తుంది. వానాకాలంలో పొద్దుటి పూట గాలిలో తేమ 80 శాతం దాటే రోజులు చాలా ఉంటాయి. పంపు పీల్చేది ఆ గాలినే, పొడిలోకి పంపేదీ ఆ గాలినే. నిన్న చక్కగా లేచిన బెడ్ ఇవాళ ముద్దలు కడితే కారణం ఇదే. నీళ్ల సీసా ఒకటి తీసుకుని, దాన్నిండా సిలికా జెల్ గుళికలు పోసి, పంపుకూ కప్పుకూ మధ్య గాలి దాని గుండా వెళ్లేలా రెండు గొట్టాలు పెట్టండి. గుళికల రంగు మారితే తేమ నిండిందని గుర్తు. నీలం గుళికలు గులాబీ రంగుకు తిరుగుతాయి. రంగు వేసే ఓవెన్‌లోనే 120 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచితే మళ్లీ పనికొస్తాయి. నీలం రంగు కోబాల్టు లవణానిది, ఒంటికి మంచిది కాదు. నారింజ రంగు గుళికలు దొరికితే అవే కొనండి. ఇక కంప్రెసర్ వాడి తీరాలనుకునేవాళ్లకు చెబుతున్నాను. దాని గాలిలో నీళ్లతో పాటు నూనె కూడా వస్తుంది. నీటినీ నూనెనూ పట్టే ఫిల్టరు లేకుండా దాన్ని పొడికి తగిలించకూడదు.

ఎండాకాలం ఇంకో రకం. ఈ పొడిని 25, 30 డిగ్రీలు మించని చోట దాచమని తయారుచేసేవాళ్లు డబ్బా మీదే రాస్తారు. మే నెలలో రేకుల గది 45 డిగ్రీలకు చేరుతుంది. పొడిలోని రెసిన్ అసలు మెత్తబడేది 50, 60 డిగ్రీల దగ్గర. దానికి చేరువలోనే నెల రోజులు ఉంటే రేణువులు ఒకదానికొకటి అంటుకుంటాయి. తేమకు కట్టిన ముద్దకూ, వేడికి కట్టిన ముద్దకూ తేడా వేళ్లకు తెలుస్తుంది. పిడికిట్లో నొక్కి, వదిలి, వేలితో తాకండి. తేమ ముద్ద పొడిపొడిగా రాలిపోతుంది. దాన్ని ఆరిన గాలిలో కాసేపు ఆడించి, 100 నంబరు జల్లెడలో జల్లిస్తే సరిపోతుంది. వేడి ముద్ద ఇసుకలా గరగరలాడుతూ పలుకులుగా విరుగుతుంది. అది మళ్లీ పొడి కాదు. పారేయడమే. డబ్బా మూత బిగించి ఇంట్లో నీడపట్టున, నేల మీద ఉంచుకోండి. మేడ మీద గదిలో వద్దు.

కొన్నిసార్లు బెడ్ నిర్దోషి. పొడి చక్కగా లేస్తుంది, పెన్సిల్ అడుగు దాకా దిగుతుంది, అయినా రంగు బాగా రాదు. అప్పుడు తలను చూడాలి. సీసానికి వేడిని పట్టి ఉంచుకునే గుణం చాలా తక్కువ, అదే బరువు రాగితో పోలిస్తే మూడో వంతే. మూడు గ్రాముల తల ఓవెన్ నుంచి కప్పు దాకా వచ్చేలోపే చల్లబడుతుంది. ముంచి తీసిన తల మీద పొడి చక్కెర చల్లినట్టు గరుకుగా, మెరుపు లేకుండా ఉంటే తల చల్లగా ఉందన్నమాట. తీసిన రెండు మూడు క్షణాల్లో అది తడి మెరుపుకు తిరగాలి. అలా కాక అప్పుడే బొట్టు కట్టి కిందికి జారుతుంటే వేడి ఎక్కువైంది, లేదా ఎక్కువసేపు ముంచారు. 175, 180 డిగ్రీల దాకా కాల్చి, ఒకటి రెండు క్షణాలే ముంచడం నేను సిఫారసు చేసే కొలత. దూరం నుంచి గురిపెట్టి చూసే తుపాకీ థర్మామీటరును మెరిసే సీసం మీద నమ్మకండి. మెరిసే లోహం వేడిని తక్కువగా వెలువరిస్తుంది కాబట్టి అది ఉన్నదానికంటే చాలా తక్కువ చూపిస్తుంది. ఓవెన్‌లో పావుగంట ఉంచిన తల, ఓవెన్ వేడికే వచ్చి ఉంటుంది. ఆ లెక్క నమ్మండి.

తల పైభాగాన రంగు మందంగా, కింది భాగాన పల్చగా ఉంటే మళ్లీ బెడ్ దగ్గరికే వెళ్లాలి. పొడి తేలడం లేదు, పైన కూర్చుంటోంది. ఉడికాక కింది భాగాన బొట్టు గట్టిపడి ఉంటే మాత్రం పూత ఎక్కువైందని. పూతలో సూదిమొన రంధ్రాలు కనిపిస్తే తలను పోతపోసినప్పుడు లోపల చిక్కిన గాలి వేడికి బయటికి వచ్చిందని. ఒకసారి ముందే 200 డిగ్రీల దగ్గర ఉత్తినే కాల్చి చల్లార్చి, ఆ తర్వాత రంగుకు పెడితే అది పోతుంది. పెచ్చులూడితే రెండే కారణాలు. తలకు చేతి జిడ్డు ఉంది, లేదా పూత ఉడకలేదు. ముల్లు కన్నులోకి రంగు వెళ్తే ఉడికించక ముందే, ఇంకా మెత్తగా ఉన్నప్పుడే, పాత ముల్లు కొనతో తీసేయండి. ఉడికాక తీయబోతే చుట్టూ పగులుతుంది.

ఉడికించడం అంటే 180 డిగ్రీల దగ్గర పావుగంట నుంచి ఇరవై నిమిషాలు, ఒకదానికొకటి తగలకుండా వేలాడదీసి. సీసం 327 డిగ్రీల దాకా కరగదు కాబట్టి భయం లేదు. కానీ సీసం వద్దనుకుని బిస్మత్, తగరం కలిపిన లోహంతో తలలు పోసేవాళ్లు జాగ్రత్త. ఆ మిశ్రమాల్లో కొన్ని 138 డిగ్రీలకే కరుగుతాయి. ఓవెన్ తెరిచేసరికి తీగకు ముల్లు ఒక్కటే వేలాడుతుంటుంది. ఎలక్ట్రానిక్స్ పనికి వాడే తగరం, సీసం టంకం 183 డిగ్రీలకు కరుగుతుంది. టంకం వేసిన భాగాలున్న గాలాలను కూడా ఈ ఓవెన్‌లో పెట్టకూడదు.

ఇప్పుడు చెప్పేది శ్రద్ధగా వినమని కోరుతున్నాను. గాలిలో తేలే రంగుపొడి మండుతుంది. కప్పు దగ్గర కొవ్వొత్తి, స్పిరిటు దీపం, గ్యాస్ స్టవ్ ఉండకూడదు. తల చల్లబడుతోందని మంటను కప్పు పక్కకు జరుపుకోవడం ప్రమాదాన్ని పిలుచుకోవడమే. కరెంటు ఓవెన్‌నే కప్పుకు దగ్గరగా పెట్టుకోండి. పని చేసేటప్పుడు సీలింగ్ ఫ్యాన్ ఆపండి, ఎన్-95 మాస్కు పెట్టుకోండి. రంగు వేసిన ఓవెన్‌లో ఆ తర్వాత ఎన్నడూ తినేది ఏదీ వండకూడదు. వంటింటి ఓవెన్‌ను ఒక్కసారికని కూడా వాడకూడదు.

సీసం విషం. ఇంత మోతాదు దాకా ఒంటికి ఫర్వాలేదు అనే హద్దు దానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పెద్దవాళ్లకంటే పసిపిల్లల మెదడుకు అది చేసే హాని ఎక్కువ. బ్రిటన్‌లో నీటిలో పడిపోయిన చిన్న సీసపు గుండ్లను మింగి హంసలు చనిపోతున్నాయని 1987లో వాటి అమ్మకాన్నే ఆపేశారు. మన దగ్గర అలాంటి కట్టడి లేదు కాబట్టి జాగ్రత్త మన చేతుల్లోనే ఉంది. సీసం కరిగించడం, అరగదీయడం ఆరుబయట పెట్టుకోండి. పిల్లలు, గర్భిణులు ఉన్న ఇంట్లో ఆ పని చేయకండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకున్నాకే ఇంట్లోకి రండి. రంగు ఊడిన జిగ్‌ను నోటితో పట్టుకునే అలవాటు కొందరికి ఉంటుంది. మానేయండి.

శామీర్‌పేట చెరువుకైనా, మీ ఊరి కుంటకైనా గాలం తీసుకుని వెళ్లేముందు అక్కడి మత్స్యకార సహకార సంఘాన్ని అడగండి. చాలా చెరువుల్లో చేప హక్కు వాళ్లది, ఆ చెరువులో పిల్లలు వదిలి పెంచేదీ వాళ్లే. తెగిన దారం, ఊడిన సీసం గట్టున వదలకుండా సంచిలో వేసుకుని తెచ్చేయండి.